వానస్తుతి చేయనొల్లని నఫ్తాలి

వర్షర్తువు సెలవు పుచ్చుకొనియు వాకిట నిలువఁగా శరదృతువు లోపల నడుగిడుటకు మొగమోటపడుచున్న యాశ్వయుజ బహుళ షష్ఠినాఁటి ప్రాతఃకాలమున బందరు పట్టణమునకుఁ బడమటఁ దియ్యనీటి కాలువగట్టునఁ బఱచుకొనియున్న ధవళసైకతస్థలమునందు సహస్రసంఖ్యాకములైన చిత్రపటములు బాలభానుకిరణములకు మేనులప్పగించి వెల్లకిలఁ బడియుండెను. ఒకదానియందు దాడిమీఫలములఁ బొడుచు చిలుకలును నొకదానియందు మెడలు పెనవైచుకొన్న మయూరములును నింకొకదానియందు ఎచ్చటఁ బుట్టి యెచ్చటికిఁ బోవునో చిత్రించినవానికే తెలియని తీఁగెలును గరక్కాయ కషాయపుఁ బసుపుచాయపై నల్లని రేఖలుగాఁ దీర్పఁబడి యెఱుపుకొఱకు నెదురుచూచుచుండెను. తూర్పున సముద్రముమీఁదఁ గొంగఱెక్కంత మబ్బుతునుక యొకటి నిలిచియుండెను. ఊరక చూచువారికి నది యాకాశమున కలంకారము. ఆ బట్టల యజమానులకు మాత్రము యమధర్మరాజుగారి దున్నపోతువలెఁ గానవచ్చుచుండెను.

వారి భయము నిష్కారణము గాదు. ఎఱుపు వేయుటకు ముందు బట్టపైఁ బటికనీటితోఁ జిత్రమును బూరింపవలెను. పటిక తగిలినచోటనే చిరువేరను మొక్కవేరునుండి తీసిన యెఱుపు పట్టును. తగులనిచోట నీటిలో జాఱిపోవును. ఆ పటిక నూలులోనికి నింకి స్థిరపడుటకు మూఁడునాలుగు గట్టి యెండలు గావలెను. అంతలో నొక్క వాన కురిసెనా పటిక నలుదిక్కులకుఁ బ్రాఁకి చిలుకయు దానిమ్మపండును దీఁగెయు నొకదానిలో నొకటి కలసిపోయి యుడుకుచున్న కాఁగునుండి కళాకౌశలమునకు మాఱుగా నొక యెఱ్ఱని ముద్ద వెలువడును.

ఆ బట్టలలోఁ బెక్కు బందరునఁ గాపురముండి వర్తకము సేయుచున్న యూదులవి. గోలకొండ ప్రభువుల యేలుబడి సాగుచున్న యా కాలమున నా జాతికిఁ జెందిన పురుషులు బందరున సరిగాఁ బదుగురుండిరి. పదుగురనఁగా వారి ధర్మమున స్వల్పసంఖ్య గాదు. పదుగురు పురుషులు గూడిననే సమూహప్రార్థన సాఁగును. తొమ్మండుగురు మహాజ్ఞానులు గూడినను సాఁగదు. పదుగురు పామరులు గూడిన నిరాటంకముగా సాఁగును. ఈ హేతువుచేత నా పదుగురును ఒకరినొకరు ఎంత యేవగించుకొన్నను ఒకరి యారోగ్యముపట్ల నొకరు మిక్కిలి శ్రద్ధ వహించి జలుబు చేసిన శొంఠియు జ్వరము వచ్చిన గంజియుఁ బంపుకొనుచుండిరి.

వారిలోఁ బ్రార్థన చదివి నడపించు గౌరవము నఫ్తాలి యను నేఁబదియేండ్ల వర్తకునిది. వర్తకుఁడను మాట యీ యేఁటిదే. అంతకుముందు ముప్పదియేండ్లు ఆతఁడు పరుల సరకును మూటలు గట్టించి పరుల పేర ముద్ర వేయించి పరుల యోడలలో బసరాకు నెత్తించు గుమాస్తాగా నుండెను. ఎండలో నిలిచి మూటలు లెక్కించిన ప్రతిదినమును తన పేరు వ్రాసిన మూట యొకటి యా పలకలమీఁదుగా నోడ నెక్కుట నాతఁడు మనసులోఁ జూచుకొనుచునే యుండెను. ఇన్నాళ్ళకు మూఁడువందల తానులు తనవిగా నద్దించెను. పండుగ వెళ్ళిన నాలవనాఁడు ఓడ లంగరెత్తును. అది తప్పిన మరల నెప్పటి మాటయో యాతనికిఁ దెలియదు. వయసు మాత్రమాఁగదని తెలియును.

ఈ నఫ్తాలికిఁ బ్రార్థనవిషయమున నొక స్థిరాభిప్రాయము గలదు. రేవును బాలించు హవాలుదారుగారి కచ్చేరికిఁ జిరకాలము తిరిగినవాఁడగుటచే బిరుదులు చదువక యే యర్జీయుఁ జెల్లదనియు బిరుదావళి యెంత పొడవో ఫలమంత మెండనియు నాతఁడు కన్నులారఁ గనియుండెను. సర్వేశ్వరుని కొలువును నదే తీరున నడచునని నమ్మి స్తోత్రభాగము వచ్చినపుడెల్ల గమకములతో నెత్తి గిఱికీలతో నల్లి రాగమును సాగఁదీసి దేవుఁడు కరఁగినాఁడని తనకుఁ దోఁచిన వెనుకనే విడుచుచుండెను. తక్కిన తొమ్మండుగురి భోజనములు చల్లారుచుండుట యాతని గణనకు రాలేదు.

ఇఁక వచ్చిన చిక్కు నాలకింపుఁడు. ఆ యూదులకు శరత్కాలమునఁ బర్ణశాలల పండుగ యని యొకటి గలదు. ఏడుదినములు తాటియాకులు గప్పిన పాకలలో భుజించి యెనిమిదవనాఁడు ప్రార్థనాలయమున గొప్ప కొలువు దీర్తురు. ఆ దినము మొదలుకొని వసంతమువఱకుఁ బ్రతిప్రార్థనయందును దేవుని ప్రభావమును గొనియాడుచోట గాలిని వీయించువాఁడవు వానను దింపువాఁడవు అను నర్థముగల చిన్న వాక్యమును జేర్తురు. వారి పూర్వుల దేశమున నది తొలకరి కాలము. నేల బీటలువాఱి నోరు దెఱచుకొని యుండును. బందరుననో యదే దినము తుఫానుల కాలమునకుఁ దొలిగడప. వాక్య మొక్కటియే, అచ్చట నది కరువుతీర్చు మాట, ఇచ్చటఁ గొంపముంచు మాట.

పైపెచ్చు నిరుడు నఫ్తాలి యా వాక్యము నాలాపించిన రెండవనాఁడే గాలివాన పుట్టి రేవునఁ గట్టిన మూఁడు పడవలను దెచ్చి చేఁపలబజారున నిలిపెను. అప్పుడాతనికి సొంత సరకు లేకుండెను గనుక నిది నా గొంతు మహిమ యని నెలదినములు వీధివీధినఁ జెప్పికొనెను. బందరు జనులు విని నమ్మిరి. అంతకంటె నపాయకరమైన సంగతి యేమనఁగాఁ దానును నమ్మెను.

కావున షష్ఠినాఁటి యుదయమున నాతఁడు కుడితిలోఁ బడిన యెలుకవలె నిల్లంతయుఁ దిరిగి తిరిగి కడపట నా గౌరవమును బరుల కొసఁగుటయే యుత్తమమని నిశ్చయించి ముందుగా ఇస్సాఖారు నింటికిఁ బోయెను. స్థూలకాయుఁడగు ఇస్సాఖారు పదునైదేండ్లుగా నా వానస్తుతి చదువఁగోరి నఫ్తాలిపైఁ బండ్లు గొఱుకుచున్నవాఁడు. నాఁడు మాత్రము తన పర్ణశాలలోఁ గూర్చుండి చెఱకు గొఱుకుచుండెను.

“ఇస్సాఖారన్నా, నీ యభిలాష నే నెఱుఁగనిదనుకొంటివా? రేపటి వానస్తుతి నీవే చదువుము. చిన్నవాఁడను, నీకు దారి విడుచుట నా ధర్మము” అని నఫ్తాలి వినయముతోఁ బలికెను.

ఇస్సాఖారు క్షణకాలము కనులు మూసికొని కాలువగట్టున నెండుచున్న తన యైదువందల తానులను దర్శించి కన్నులు దెఱచెను. “తమ్ముఁడా, నీ యౌదార్యమునకు నాకుఁ గంటఁ దడి వచ్చుచున్నది. ఏమి చేయుదును? పంటిచిగురు వాచి నోరు మెదపలేకున్నాను” అని చెప్పి చెఱకుగడ నింకొక కణుపు వఱకు నొలిచెను.

అచ్చట నుండి నఫ్తాలి గుమ్మము గుమ్మమునఁ దన గౌరవమును దలకెత్తుకొని పెరుగమ్మువానివలెఁ దిరిగెను. ఒకనికి గొంతు బొంగురుపోయెను. ఒకనికి మోకాలు నిలువనీయలేదు. ఇంకొకఁడు తనకు లిపియే రాదనియు నిరువదియేండ్లుగా పుస్తకము నెదుటఁ బట్టుకొని పెదవులు మాత్రము కదల్చుచున్నాననియు నెవ్వరికిం జెప్పని రహస్యమును నాఁడు సంతోషముతో వెల్లడించుకొనెను. ఎవరికి వారే యమునాతీరే యన్నట్లు ఎనమండుగురును దప్పించుకొనిరి.

మిగిలినది హకామొక్కఁడే. హకామనఁగా వారిలో ధర్మశాస్త్ర మెఱిఁగిన పెద్ద. ఎల్కానా యను నా వృద్ధునికి నెనుబదియేండ్లు. చూపు మందగించినను బాముచెవులు. నఫ్తాలి పోవునప్పటికి నాతఁడు ప్రార్థనాలయపు వాకిట గడపపైఁ గూర్చుండి పర్ణశాలనుండి జాఱిన తాటియాకు నొకదానిని దారముతోఁ గుట్టుచుండెను.

“అయ్యవారూ, మన పూర్వుల దేశమునకు రేపు వాన కావలెను. ఈ దేశమునకు నెండ కావలెను. దేశకాలముల నెఱిఁగి ప్రార్థించుట ప్రాజ్ఞలక్షణము గదా. ఆ వాక్యమును నాలుగుదినములు నిలిపి యోడ కదలినపిదపఁ జేర్చుకొందుము” అని నఫ్తాలి విన్నవించెను.

“నీకు వాన వలదని దేవునితోఁ జెప్పికొనుటకు వేఱొక చోటు గలదు నాయనా. పనిదినముల ప్రార్థనలోఁ గోరికల భాగమున్నది. నీ కడుపులోనిదంతయు నచ్చటఁ బోయుము, అడ్డులేదు. ఇది కోరిక గాదు. వాన దింపువాఁడవు అనుచున్నాము గాని దింపుము అనుట లేదు. ఆతఁడెవ్వఁడో యంతమాత్రము చెప్పుచున్నాము.”

“చెప్పినఁ గురియును గదా. నిరుడు కురిసెను.”

“నిరుడు గురిసినది తుఫానుల కాలము వచ్చినందున. నీ గొంతువలన ననుకొని యూరెల్లఁ జాటితివి. ఇప్పుడా చాటింపు నిన్నే తఱుముచున్నది” అని హకాము దారమును బంటఁ ద్రుంచెను. “వినుము. మన పెద్దలు ప్రార్థనను హృదయముతోఁ జేయు సేవ యన్నారు. యజమానుఁడు నా కనుకూలమైన పని చేసిననాఁడు యజమానుఁడు, కానినాఁ డెవఁడో పరాయివాఁడు అనువాఁడు సేవకుఁ డగునా? సేవకుఁడు కొలువున నిలుచును. నీవు నిలుచుట లేదు. బేరమాడుచున్నావు.”

“బేరము నా వృత్తి యయ్యవారూ” అని నఫ్తాలి నిజము పలికెను.

ఇంటికి మరలు త్రోవలో నాతనికిఁ దటాలున నొక యూహ మెఱసెను. ఎండకాలమున నదే స్థానమందు వానకు బదులు మంచు దింపువాఁడవు అను వాక్యమును జదువుదురు. కాలము మాఱిన సంగతి మఱచి యొకఁడు పొరపాటునఁ బాతవాక్యమునే చదివెనేని మరలఁ జదువనక్కఱలేదను సడలింపు శాస్త్రమునఁ గలదు. రేపు తానును మఱచిపోవును. జాగ్రత్తగా, సమయమునకు సరిగా మఱచిపోవును. శాస్త్రమునందు రంధ్రమును గనుఁగొన్నపుడు కలుగు నానందము పండితునకును దొంగకును సమానమే గావున నఫ్తాలి యీల వేయుచు నిల్లు సేరెను.

అరుగుమీఁదఁ బేరమ్మ యెదురుచూచుచుండెను. ఈమె యా యిసుకనేలకుఁ బెద్ద. ఇరువదిమంది యాఁడువారిని వెంటఁబెట్టుకొని సావుకారులందఱి బట్టలను దడుపుట యుతుకుట యెండఁబెట్టుట యీమె పని. మోచేతులవఱకుఁ జిరువేరు రంగు పట్టి యెన్నఁడును వదలక యుండెను.

“సావుకారయ్యా, రేపు మీ దేవళములో వానపాట పాడుదురఁట. తక్కిన సావుకార్లు నీకుఁ దోఁచినట్లు చేయుమనిరి. వారి బట్ట నీ సాయంకాలమే యెత్తించి పాకలో వేయుచున్నాను. వాన వెలిసిన మరల నెండఁబెట్టుకోవచ్చును. మీవియు నెత్తింతునా?”

తన తానులకుఁ గడపటఁ బటిక పూసిరి. వానికింకను నొక నిండుటెండ కావలెను. ఎత్తినచో నోడకందుట కష్టము. నఫ్తాలి గంభీరముగా మీసము దువ్వి “ఎత్తవలదు. రేపు వానపాట యుండదు” అనెను.

“పాడువారు మీరే గదా.”

“అందుచేతనే చెప్పుచున్నాను.”

పేరమ్మ తూర్పుదిక్కుఁ జూచి మరల నాతని మొగముఁ జూచెను. “రేపు పండుగ. రేపు మీరు పనిమాట లాడరాదఁట. ఒకవేళ మనసు మార్చుకొన్నను నాకుఁ జెప్పుటకు వీలుపడదు. అందుచే నిప్పుడే ఖండితముగా నడుగుచున్నాను.”

“ఖండితముగానే చెప్పుచున్నాను. ఏమి జరిగినను ఎత్తవలదు.”

“చిత్తము” అని పేరమ్మ లేచిపోయెను. తాఁ బట్టిన కుందేటికి మూఁడే కాళ్ళను సావుకార్లతో నామెకు ముప్పదియేండ్ల పరిచయము గలదు.

మఱునాఁటి యుదయమున కొంగఱెక్క యింతై యంతై తూర్పుదిక్కునంతయుఁ గప్పియుండెను. సున్నము గొట్టిన యా చిన్న ప్రార్థనాలయమునఁ బదుగురును బాదరక్షలు వెలుపల విడిచి శుభ్రప్రార్థనావస్త్రములు భుజముల నాచ్ఛాదించుకొని ధర్మశాస్త్రపుఁ జుట్టలు దాఁచిన మందసమున కభిముఖముగా నిలిచిరి. ఆ ప్రార్థన నిలిచియే చేయవలెను. రెండుపాదములు జోడించి రాజు సమ్ముఖమున బంటువలెఁ గదలక మెదలక నిలువవలెను. మధ్య మాటలాడరాదు. ఒక్కఁడు వెలుపలికిఁ బోయిన సంఖ్య చెడును గనుక పోరాదు. ఇట్టి కట్టడిలోఁ దక్కిన తొమ్మండుగురును నఫ్తాలి కంఠమునకు బందీలై యుండిరి.

నఫ్తాలి యారంభించెను. పూర్వులను స్మరించు తొలిస్తుతి నిర్విఘ్నముగా ముగిసెను. దేవుని ప్రభావమును గొనియాడు రెండవ స్తుతియందుఁ బ్రవేశించి యా స్థానమునకు రాఁగానే యాతఁడు పరాకుగా నున్నవాఁడు నటించుట కనువుగాఁ గన్నులు సగము మోడ్చి కమ్మని స్వరమున మంచు దింపువాఁడవు అనెను.

టక్కుమని హకాము చేతికఱ్ఱ నేలఁ దాఁకెను. మాటలాడరాదు గావున నా వృద్ధుఁడు కఱ్ఱతోనే మాటలాడుచుండెను. ఒక్కసారి కొట్టుట మొదటినుండి యని యర్థము. మఱచినవానికిఁ గల సడలింపు మఱచుటకుఁ బూనుకొన్నవానికి లేదని యా కఱ్ఱకు నిస్సంశయముగాఁ దెలిసియుండెను.

నఫ్తాలి మొదటినుండి యారంభించెను. ఈసారి యుపాయము వేఱు. ముందున్న మాటలనన్నిఁటిని గొండలవలెఁ బెంచెను. చచ్చినవారిని లేపువాఁడవు అనుచోట నొక శవము లేచి స్నానము చేసి వస్త్రము ధరించి భోజనమునకుఁ గూర్చుండునంత సేపు రాగము దీసెను. ఇస్సాఖారు ముక్కుపై నొక యీఁగ వ్రాలెను. పాదములు కదల్పరాదు గాని ముక్కు కదల్పవచ్చునో లేదో యాతనికి శాస్త్రము తెలియలేదు. ఆ యీఁగ యాతని ముక్కునంతయు సావధానముగా సర్వేచేసి కుడికంటికిఁ బోయినపుడు రెండు రాగతరంగముల నడుమ నఫ్తాలి తన కడుపులోనికే చెప్పికొన్నట్లు దోమగొంతుకతో నేదో గుసగుసలాడి దిగ్గున మూఁడవ స్తుతికి దుమికెను.

టక్కు.

తొమ్మండుగురి గుండెలలో నొకేసారి నిట్టూర్పు పుట్టెను. ప్రొద్దు మబ్బుచాటున మధ్యాహ్నమునకు వచ్చెను. ప్రక్కయిండ్లనుండి వంటల ఘుమఘుమలు గిటికీలోనుండి ప్రవేశించి పదుగురిని బేరుపేరునఁ బలుకరించి పోవుచుండెను.

మూఁడవసారి నఫ్తాలి రాగము తీయలేదు. నడచి నడచి యా వాక్యము ముందు నిలిచిపోయెను. ఇఱుకుసందున నెద్దొకటి పండుకొన్నపుడు వెనుకబండ్లన్నియు నిలిచిపోయినట్లు తక్కిన ప్రార్థనయంతయు దాని వెనుక నిలిచిపోయెను. గిటికీలో నాకాశము నల్లనై కనఁబడుచుండెను. ముప్పదియేండ్లలో నాతఁడు దేవునిఁ బొగడిన పొగడ్తలకు లెక్కలేదు. ప్రతిపొగడ్త వెనుకను ఒక యర్జీ దాఁగియుండెను. వెనుక నేమియు దాఁచక, పైగాఁ దన నోటిమాటతోఁ దనకే చేటు మూడునని వెఱచుచుఁ బొగడవలసి వచ్చుట యిదియే మొదలు. ఇట్టిదియుఁ బొగడ్త యగునని యాతఁ డదివఱకు నెఱుఁగఁడు. ఆతనికి భయమును గోపమును గలిగెను. కడకు గాలిని వీయించువాఁడవు వానను దింపువాఁడవు అని కచ్చేరిలో నబద్ధమునకుఁ దోవ దొరకని సాక్షివలె మొగము వ్రేలవేసికొని పలికెను. భక్తిచేఁ బలికెనని యీ కథకుఁడు చెప్పఁజాలఁడు. ఆఁకలిచేతను గఱ్ఱకు వెఱచియుఁ బలికెను.

ఆ స్తుతి ముగిసి తొమ్మండుగురును ఆమేననిరో లేదో పైకప్పుపై నొక చినుకు పడెను. పిదపఁ బది. పిదప లెక్క లేదు. కదలరాని తొమ్మండుగురు కన్నులు మాత్రము త్రిప్పి నఫ్తాలి వంకఁ జూచిరి. ఆతఁడు మాత్రము నిలిచి మిగిలిన ప్రార్థనయంతయుఁ జదువవలసియుండెను. చదివెను. ప్రతిచినుకును దన తానులలో నేదో యొకదానిమీఁదఁ బడుటను వినుచుఁ జదివెను.

ప్రార్థన ముగియఁగానే ప్రార్థనావస్త్రము భుజమున నుండఁగానే యాతఁడు వానలోఁ గాలువగట్టునకుఁ బరువెత్తెను. ఇసుకనేల యంతయు బోసిపోయి యుండెను. ఇస్సాఖారు నైదువందల తానులును దక్కిన సావుకార్ల తానులును బాకలోఁ బొడిపొడిగా నుండెను. నడుమ నాతని మూఁడువందలు మాత్రము వానలోఁ బడియుండెను. ఒక కొసను బేరమ్మయు నలుగురాఁడువారును దాటియాకులు పఱచి పైన వంగి నిలిచియుండిరి. వారి వీఁపులమీఁదుగా నీరు గాఱుచుండెను.

“ఎత్తవలదని మీ యాజ్ఞ. ఏమి జరిగినను నంటిరి. ఎత్తలేదు. కప్పవలదని చెప్పలేదు గనుక దొరకిన యాకులతోఁ గప్పితిమి. పదునాలుగు తానులు నిలిచినవి” అని పేరమ్మ చెప్పెను.

నఫ్తాలి తడియిసుకలోఁ గూలఁబడెను. ఎదుట నొక చిలుక మెల్లమెల్లఁగాఁ దాను పొడుచుచున్న దానిమ్మపండులోనికిఁ గరఁగిపోవుచుండెను. తన పేరు వ్రాసిన మూట యోడ నెక్కుట యింక లేదు. ఆతఁ డేడ్చెను. వానలో నేడ్చుటయందొక సౌకర్యము గలదు గాని పేరమ్మ బుద్ధిమంతురాలు గావున గ్రహించి మొగము త్రిప్పుకొనెను.

“పాడనని నీతోఁ జెప్పితిని. పాడితిని. నా నోరే నన్ను ముంచెను” అని యాతఁడు పలికెను.

“అదేమిమాట సావుకారయ్యా” అని పేరమ్మ చేతిలోని తాటియాకును సవరించుకొనుచు ననెను. “హవాలుదారుగారి పల్లకి వచ్చునపుడు ముందు బిరుదులు చదువుచు నొకఁడు నడచును గదా. ఆ కేక విని మేము వీథిలో నారవేసిన బట్టలు దీసికొందుము. వాఁడు నోరు మూసికొనెనేని పల్లకి యాఁగునా? మా బట్టలమీఁదుగాఁ బోవును, అంతే. నిరుడు మీరు పాడిన రెండుదినములకు వాన వచ్చినది గనుక మీ పాట మాకుఁ గేక. ఆ కేక యున్నందుననే యింతమంది బట్ట పాకలో నున్నది.”

“నా బట్ట లేదు.”

“కేక వేయువాఁడే దారిలోఁ బండుకొన్న మేమేమి చేయుదుము?”

నఫ్తాలి యామెను జూచెను. ముప్పదియేండ్లుగాఁ బల్లకి తన బిరుదుల బలముచేఁ గదలుచున్నదని నమ్మి నడచిన తన్నుఁ దానుఁ జూచుకొనెను. కంట నీరు నిలువకముందే యాతనికి నవ్వు వచ్చెను. అది సంతోషపు నవ్వు గాదు, కాని నవ్వే. అటుపిమ్మట లేచి మాటలాడక యాకు కొస నొకటి తానును బట్టుకొని యా పదునాలుగు తానులపై వారితో నిలిచెను. పండుగనాఁ డట్లు చేయవచ్చునో కాదో శాస్త్ర మడుగుటకు నాతనికిఁ దోఁపలేదు. వాన కొంచెము తగ్గిన వెనుక నపరాహ్ణప్రార్థనకు వేళయైనదని గుర్తువచ్చి యాకును బేరమ్మ కందించి బయలుదేఱెను.

అంతలోఁ బ్రార్థనాలయమున వేఱొక గాలివాన చెలరేఁగియుండెను. తమ బట్టలు సురక్షితములను వార్త తెలిసినంతనే ఇస్సాఖారు పంటివాపు తీసెను. బొంగురుగొంతు విడెను. మోకాలు లేడికాలై గంతులు వేసెను. అపరాహ్ణప్రార్థనయందును ఆ వాక్యమే చదువవలెను గావున నా గౌరవము నాదనఁగా నాదని వారు వాదులాడుచుండిరి. లిపి రానివాఁడు సైతము తాను గంఠస్థము చేసితినని ముందునకు వచ్చెను.

నఫ్తాలి గుమ్మమున నిలిచెను. తలనుండి పాదములవఱకు నీరు గాఱుచుండెను. “నేనే చదివెదను” అనెను.

“తమ్ముఁడా, నీవు తడిసియున్నావు. మధ్యాహ్నము మూఁడుమాఱులు చదివి యలసియున్నావు” అని ఇస్సాఖారు కరుణ చూపెను.

“తడిసినవాఁడే చదువవలెను” అని హకాము తీర్పు చెప్పెను. తక్కినవారు వాదు మాని తమ చోట్ల నిలిచిరి.

నఫ్తాలి మందసమున కెదురుగాఁ బాదములు జోడించి నిలిచి యారంభించెను. గమకము లేదు. గిఱికీ లేదు. తొలిస్తుతి గడచి రెండవస్తుతి వచ్చెను. ఆ స్థానమునకు వచ్చునపుడు తొమ్మండుగురును దమకుఁ దెలియకయే యూపిరి బిగఁబట్టిరి. నఫ్తాలి మాత్రము నిలువలేదు. ఆ గోడల నడుమఁ దా నేమియుఁ గోరవలసినది లేదు. కోరినను దిరిగి వచ్చునది లేదు. అమ్మునది లేక కొనునది లేక వట్టిచేతులతో యజమానుని యెదుట నిలుచుట యెట్లుండునో యాతని కప్పుడు తెలియవచ్చెను. చలిగా నుండెను గాని తేలికగా నుండెను. గాలిని వీయించువాఁడవు వానను దింపువాఁడవు అని వీథిలోఁ బోవువానికిని వినఁబడునట్లు స్పష్టముగా నొక్కమాఱు పలికి ముందునకు సాఁగెను. తొమ్మండుగురి ఆమేను పైకప్పుపైఁ గురియుచున్న వానకంటె బిగ్గరగా వినఁబడెను. ప్రార్థన యెంత శీఘ్రముగా ముగిసెననఁగా ఇస్సాఖారు ముగిసినట్లు నమ్మలేక కొంతసేపు నిలిచియే యుండెను.

ఆ ప్రార్థన ముగించువాఁడు ప్రభుసన్నిధిని విడుచు సేవకునివలె వీఁపు చూపక మూఁడడుగులు వెనుకకు నడువవలెనని నియమము. నఫ్తాలి తల వంచి మూఁడడుగులు వెనుకకు నడచి యిస్సాఖారన్న పంటికి నొప్పి తగ్గెనా యని కుశలమడిగి వెలుపలికిఁ బోయెను. తక్కినవారును నొకరి వెనుక నొకరు భోజనములకై తరలిపోయిరి. మందసము నెదుటి సున్నపునేలపై నాతని తడిపాదముల గుర్తులు మాత్రము మిగిలెను. ప్రార్థనాలయము మూయ వచ్చిన హకాము మసకచూపుతో వంగి వానిని జూచి తుడువఁబోయి మానెను. నడచినవాఁడు వెనుకకే నడచెను గాని యా యడుగులన్నియు మందసమువైపునకే మొగము పెట్టి యుండెను.